మడత పడిన రాగిరేకు

కానింగ్ వేల్‌లో చాలా ఇళ్లకు గరాజ్ ఇంట్లోనే ఒక గది. పెర్త్ నగరానికి దక్షిణాన ఉన్న ఈ శివారులో ఎటు చూసినా ఇటుక గోడలు, పెంకుల కప్పు, కప్పు మీద సోలార్ పలకలు, ముందువైపు రెండు కార్లు పట్టే గరాజ్. దాని గోడకి అవతలే మనుషులు పడుకుంటారు. వార్టన్ రోడ్డు గుడికి దగ్గరగా ఉండాలని ఇల్లు కొనుక్కున్న మనవాళ్ల కాపురాలూ ఇంతే. పట్టపగలు ఎండ కాసేటప్పుడు కారుకి ప్లగ్గు పెట్టుకుంటే ఇంధనం ఖర్చు దాదాపు లేనట్టే. అందుకని, కారును గరాజ్‌లో పెట్టకండి, ఇంటికి ఎడంగా ఆరుబయట నిలపండి, బ్యాటరీని నిండా చార్జ్ చేయకండి అని కంపెనీయే చెబితే ఇలాంటి ఊళ్లో ఆ మాటకి బరువెక్కువ. హ్యుందాయ్ కోనా ఎలక్ట్రిక్ కొన్నవాళ్లు 2020, 2021లో విన్న మాట అదే.

కోనా ఎలక్ట్రిక్ ఆస్ట్రేలియాకి 2019లో వచ్చింది. ఒక్క చార్జింగ్‌తో 449 కిలోమీటర్లు పోతుందన్నది దాని ఘనత. అంత దూరం పోయే విద్యుత్ కార్లు ఇక్కడ అప్పటికి వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే. సీట్ల కింద, నేలను ఆనుకుని ఉన్న ప్యాక్‌లో 64 యూనిట్ల కరెంటు పడుతుంది. అందులో 294 సెల్స్. ఒక్కో సెల్ అల్యూమినియం పొరతో చేసిన పలచని సంచి. దాన్ని విప్పితే కనిపించేవి: గ్రాఫైట్ పూసిన రాగిరేకు, నికెల్ మాంగనీస్ కోబాల్ట్ ఆక్సైడ్ పూసిన అల్యూమినియం రేకు, రెండూ తగలకుండా మధ్యలో వెంట్రుక కన్నా సన్నని ప్లాస్టిక్ తెర, అన్నిటినీ తడుపుతూ మంట అంటుకునే స్వభావమున్న ద్రవం. ఏ రేకుకారేకు ఒక చివర ట్యాబ్ అనే నాలుక ఉంటుంది. కరెంటు లోపలికీ బయటికీ నడిచేది దాని గుండానే.

ఈ సెల్ పూర్వీకుల సంగతి చెప్పకపోతే కోనా కథ సగమే అర్థమవుతుంది. మళ్లీ మళ్లీ చార్జ్ చేసుకునే తొలి లిథియం బ్యాటరీల్లో ఒక ధ్రువం అచ్చమైన లిథియం లోహమే. కెనడాలోని మోలీ ఎనర్జీ అనే సంస్థ అలాంటివి తయారుచేసి జపాన్ సెల్‌ఫోన్లకి అమ్మింది. చార్జ్ చేసిన ప్రతిసారీ లోహం మళ్లీ ధ్రువం మీద పేరుకోవాలి కదా, అది నున్నగా పేరుకోదు. మీసాల్లా, ముళ్లలా పెరుగుతుంది. ఒక ముల్లు తెరను దాటి అవతలి ధ్రువాన్ని తాకిందంటే షార్ట్ సర్క్యూట్. 1989లో ఫోన్లు అంటుకున్నాయి, అమ్మినవన్నీ వెనక్కి తీసుకున్నారు, సంస్థ దివాలా తీసింది. లిథియం బ్యాటరీ పుట్టుకలోనే రీకాల్ ఉందన్నమాట.

అకీరా యోషినో వంటివారి పరిష్కారం లిథియాన్ని లోహంగా ఉండనివ్వకపోవడం. కార్బన్ పొరల మధ్య దానికి చోటు చూపించారు. చార్జింగ్ వేళ ధన ఎలక్ట్రోడు నుంచి బయలుదేరిన ప్రతి లిథియం అయానుకీ అవతలి ఒడ్డున, సంక్రాంతి రైల్లో రిజర్వేషన్ ఉన్నవాడికి మల్లే, ఒక బెర్తు సిద్ధంగా ఉంటుంది. ఆ నమ్మకం మీదే 1991లో సోనీ మొదటి లిథియం అయాన్ బ్యాటరీని అమ్మింది. 2019లో గుడినఫ్, విటింగ్‌హామ్, యోషినోలకు నోబెల్ వచ్చింది. నా లెక్కలో ఈ బ్యాటరీ గొప్పతనమంతా ఆ ఒక్క ఏర్పాటులోనే ఉంది. ఎక్కడా చోటు దొరకని అయాను ఉండకూడదు. అందుకే గ్రాఫైట్ పూతను అవతలి పూత కన్నా అంచుల దగ్గర కాస్త వెడల్పుగా వేస్తారు.

చైనాలో ఎల్‌జీ సంస్థకున్న నాన్‌జింగ్ ఫ్యాక్టరీలో, 2017 సెప్టెంబరు నుంచి 2019 జులై దాకా తయారైన కొన్ని సెల్స్‌లో ఈ ఏర్పాటు తప్పింది. రుణ ఎలక్ట్రోడు ట్యాబ్ లోపలికి మడతపడింది. మడతపడ్డ నాలుక వట్టి రాగి, దాని మీద గ్రాఫైట్ లేదు. ఎదురుగా ధన ఎలక్ట్రోడు ఉంది. అక్కణ్ణుంచి వచ్చిన అయాన్లు బెర్తు లేక రాగి మీదే లోహంగా పేరుకుపోయాయి. ముప్పై ఏళ్ల కింద వెళ్లగొట్టిన లిథియం లోహం అలా దొడ్డిదారిన తిరిగొచ్చింది. అది పెరిగి అవతలి ధ్రువాన్ని తాకితే ఆ చోట వేడి పుడుతుంది, ఆ వేడి సెల్‌లో మరిన్ని చర్యల్ని రేపుతుంది, ఆక్సైడ్ నుంచి ఆక్సిజన్ కూడా విడుదలవుతుంది. పక్క సెల్స్ వరసగా అందుకుంటాయి. అందుకే ఫైరింజన్ వాళ్లు ఈ మంటను ఆర్పిన తర్వాత కూడా గంటల తరబడి కనిపెట్టుకుని ఉంటారు.

2019 జులైలో కెనడాలోని మాంట్రియల్‌లో, ప్లగ్గు కూడా పెట్టని ఒక కోనా పేలి గరాజ్ తలుపు ఎగిరిపడింది. 2020 అక్టోబరులో దక్షిణ కొరియాలోని డేగూలో, అపార్ట్‌మెంట్ పార్కింగ్‌లో మరొకటి తగలబడింది. అప్పుడు మొదటి రీకాల్ వచ్చింది. సర్వీస్ సెంటరుకి తీసుకెళ్తే బ్యాటరీని అజమాయిషీ చేసే సాఫ్ట్‌వేర్‌ను మార్చి, తేడా కనిపించిన ప్యాక్‌ను మాత్రమే కొత్తదానితో మార్చేవారు. పుట్టుకలో పడిన మడతను సాఫ్ట్‌వేర్ చక్కదిద్దలేదు. మహా అయితే ముందుగా పసిగట్టగలదు, అదీ అన్నివేళలా కాదు. 2021 జనవరిలో, కొత్త సాఫ్ట్‌వేర్ వేయించుకున్న కోనా డేగూలోనే అంటుకుంది. ఇక తప్పించుకునే దారి లేకపోయింది.

ఫిబ్రవరిలో కొరియా రవాణా శాఖ మడత సంగతి బయటపెట్టింది. రమారమి 82,000 వాహనాలకు ప్యాక్‌లు మార్చాలని హ్యుందాయ్ నిర్ణయించింది. ఎక్కువ కోనాలే, కొన్ని అయానిక్ కార్లు, కొరియాలో తిరిగే విద్యుత్ బస్సులూ ఉన్నాయి. ఖర్చు అంచనా లక్ష కోట్ల వాన్లు, మన లెక్కలో ఆరేడు వేల కోట్ల రూపాయలు. ప్రయోగశాలలో మడత పెట్టి చూస్తే మంట రాలేదు కదా, అదే కారణమని ఎలా అంటారని ఎల్‌జీ వాదించింది. ఫాస్ట్ చార్జింగ్ విషయంలో తామిచ్చిన సూచనల్ని హ్యుందాయ్ సరిగ్గా అమలు చేయలేదని కూడా అంది. ఇద్దరి వాదన ఎలా ఉన్నా, ఖర్చులో పెద్ద వాటా చివరికి ఎల్‌జీ నెత్తినే పడింది. అదే ఏడాది అమెరికాలో షెవ్రొలే బోల్ట్ కార్లకూ ఎల్‌జీ సెల్స్ వల్లే ఇదే గతి పట్టింది. అక్కడ చిరిగిన ట్యాబ్, మడతపడిన తెర, రెండూ ఒకే సెల్‌లో ఉంటే ప్రమాదమని తేల్చారు.

నిండా చార్జ్ చేయకండి అన్న సలహా భయపడి చెప్పిన మాట కాదు, దానికి లెక్కుంది. బ్యాటరీ నిండేకొద్దీ గ్రాఫైట్‌లో చోటు తగ్గుతుంది, లోహం పేరుకునే అవకాశం పెరుగుతుంది. అందుకే కొత్త ప్యాక్ వేసేదాకా 90 శాతం దగ్గర ఆపమని కొరియాలో చెప్పారు.

టకాటా ఎయిర్‌బ్యాగులకు 2018లో ప్రభుత్వం నిర్బంధ రీకాల్ ప్రకటించాక రీకాల్ అన్న మాట తెలియనివాళ్లు ఆస్ట్రేలియాలో లేరు. ఆపై ఎల్‌జీ ఇంటి బ్యాటరీలు, అంటే సోలార్ కరెంటు దాచుకోవడానికి గోడకు బిగించేవి, కొన్నిటిని 2021 నుంచి ఇక్కడ వెనక్కి తీసుకోవడం మొదలుపెట్టారు. ఏళ్లు గడిచినా వినియోగదారుల కమిషన్ వాటికోసం వెతికిస్తూనే వచ్చింది. కారుకి నంబరు ప్లేటుంది, దాని యజమాని ఎవరో ఎక్కడో రాసి ఉంటుంది. గోడ మీది పెట్టెకి అదేమీ లేదు. ఇల్లు చేతులు మారిందంటే దాని జాతకం కూడా పోయినట్టే.

మన భారతదేశంలో కోనాల కథ చిన్నది. 2020 డిసెంబరులో 456 కార్లు వెనక్కి పిలిచారు. అసలు దెబ్బ స్కూటర్ల దగ్గర తగిలింది. 2022 ఏప్రిల్‌లో నిజామాబాద్‌లో ఇంట్లో చార్జింగ్ పెట్టిన స్కూటర్ బ్యాటరీ పేలి 80 ఏళ్ల పెద్దాయన చనిపోయాడు. హైదరాబాద్ సంస్థ ప్యూర్ ఈవీ 2,000 బళ్లు వెనక్కి తీసుకుంటామంది. అదే నెలలో విజయవాడలోనూ ఇంట్లో పెట్టిన బ్యాటరీకి ఒక ప్రాణం పోయింది. తర్వాత కేంద్రం వేసిన నిపుణుల కమిటీకి హైదరాబాద్‌లోని ఏఆర్‌సీఐ పరిశోధన సంస్థ డైరెక్టర్ టాటా నరసింగరావు అధ్యక్షుడు. ఆ కమిటీ సూచనలతో మారిన ఏఐఎస్-156 బ్యాటరీ భద్రతా నిబంధనల్లో నాకు నచ్చినది చాలా మామూలుగా కనిపించేదే: లోపలి సెల్స్ ఏ నెల, ఏ సంవత్సరం తయారయ్యాయో ప్యాక్ మీద కనబడేలా రాయాలి. నాన్‌జింగ్ సెల్స్ తేదీలు ఎక్కడో రాసి ఉండబట్టే కదా, ఏ కార్లను వెనక్కి పిలవాలో తెలిసింది.

ఈ బ్యాటరీలన్నిటికీ మూలమైన లిథియం ఖనిజాన్ని ప్రపంచంలో ఎక్కువగా తవ్వే దేశం ఆస్ట్రేలియా. పెర్త్‌కి దక్షిణాన ఉన్న గ్రీన్‌బుషెస్ గనిలో తవ్విన రాతిని శుద్ధిచేసే కర్మాగారం క్వినానాలో ఉంది. కానింగ్ వేల్ నుంచి అరగంట ప్రయాణం. గనుల ఉద్యోగాల మీద పెర్త్ చేరిన మన ఇంజనీర్లకు ఆ దారులన్నీ తెలిసినవే.

2019 నాటి కోనాలు ఇప్పుడు సెకండ్‌హ్యాండ్ బజారులో దొరుకుతున్నాయి. కొనేటప్పుడు ఓడోమీటర్ తర్వాత చూసుకోవచ్చు. ముందు, పదిహేడు అక్షరాల ఛాసిస్ నంబరు పట్టుకుని కొత్త ప్యాక్ వేశారా, ఏ నెలలో వేశారు అని సర్వీస్ పుస్తకంలో చూడాలి. వేసి ఉంటే, కారుకంటే రెండేళ్లు చిన్నదైన బ్యాటరీ మీ చేతికొచ్చినట్టు.