తుంటి మార్పిడి – నడకలో నొప్పి

అరిగిన తుంటి కీలును తీసివేసి లోహంతోను, గట్టి ప్లాస్టిక్కుతోను చేసిన కీలును అమర్చే పద్ధతిని 1962లో ఇంగ్లండులో జాన్ చార్న్‌లీ అనే శస్త్రవైద్యుడు నిలదొక్కించినాడు. నేడు మన ఇళ్ళలోని పెద్దలు కూడా ఈ చికిత్స చేయించుకొంటున్నారు.

కీలు కొత్తదే గాని, చుట్టూ వున్న కండలు పాతవే గదా! అవి మానేవరకు నడకలో నొప్పి వుంటుంది. దానికి భయపడి మంచం పట్టితే కండ సన్నగిల్లుతుంది. కాలిలో రక్తం గడ్డకట్టే ప్రమాదం పెరుగుతుంది.

ఒకేసారి దూరం నడవడంకంటె రోజుకు నాలుగైదుసార్లు కొద్దికొద్దిగా నడవడం మేలు. నొప్పి మాత్ర నడకకు అరగంట ముందు పడేటట్లు డాక్టరు నడిగి వేళ కుదుర్చుకోవాలి. చేతికర్ర మంచికాలి వైపు చేతిలో వుండాలి. మెట్లెక్కేటప్పుడు మంచికాలు ముందు. దిగేటప్పుడు కర్ర, కోత పడిన కాలు ముందు. డాక్టరు సరేననేవరకు పీటమీద కూర్చోరాదు.

విశ్రాంతితో తగ్గే నొప్పి మానుదలలో భాగమే. హఠాత్తుగా కాలు మోపలేకపోయినా, పిక్క వాచినా, జ్వరం వచ్చినా, గాయం కారినా, ఆయాసం కలిగినా వెంటనే ఆసుపత్రికి పోవాలి.

మరొక్క మాట. ఇంట్లో సలుపు, పోటు, మంట, తీపు అని వేరువేరుగా చెప్పే మన అమ్మమ్మలు డాక్టరు ఎదుట ‘నోవు’ అనో, ‘వలి’ అనో ఒక్క మాటతో సరిపెడతారు. వైద్యునికి కావలసినది ఆ తేడాయే. వెంట వెళ్ళినవారు దానిని ఆయన భాషలో విడమరచి చెప్పాలి.