మీకు తెలుసా? బాకు కుడి తుంటి మీద కనిపిస్తే ముందు గుండీలు చూడండి

రెండో ప్రపంచ యుద్ధం నాటి జర్మన్ సైనికాధికారి ఫొటోలో పిడిబాకు కుడి తుంటి మీద వేలాడుతుంటే, ఆయనది ఎడమచేతి వాటం అనుకోకండి. ముందు కోటు చూడండి. జర్మన్ ఆర్మీ కోటు మీద గద్ద చిహ్నం కుడి జేబు పైన ఉండాలి. ఐరన్ క్రాస్ మొదటి తరగతి పతకం ఎడమ ఛాతీ మీద ఉండాలి. మగవాళ్ల కోటు కాబట్టి గుండీలు కుడి అంచున, కాజాలు ఎడమ అంచున ఉంటాయి. ఇవన్నీ తారుమారై కనిపిస్తే నెగటివ్‌ను తిరగేసి ప్రింటు వేశారన్నమాట. ఆ బాకు నిజంగా ఉన్నది ఎడమ పక్కనే.

ఈ బాకులు పోరాటానికి కావు, యూనిఫాం అలంకారానికి. ఆర్మీ అధికారుల బాకు 1935లో వచ్చింది. వైమానిక దళంలో మొదట వచ్చిన బాకు గొలుసులతో వేలాడేది, 1937లో వచ్చిన రెండో రకానికి పట్టీలు పెట్టారు. నౌకాదళం 1938లో పిడి కొనకు గద్ద బొమ్మ చేర్చింది. అంటే పిడి కొనన గద్ద కనిపించే నౌకాధికారి ఫొటో 1938 కంటే ముందుది కాదు. ఈ లెక్క ఒకవైపే పనిచేస్తుంది సుమా! పాత రకం కనిపించినంత మాత్రాన ఫొటో పాతదని చెప్పలేం.

నిబంధనల పుస్తకం బాకు ఎలా ధరించాలో చెబుతుంది, ఫొటో ఎలా ధరించారో చూపిస్తుంది. ఒర రెండు పట్టీల మీద వేలాడుతుంది, ఒకటి పొట్టిది, ఒకటి పొడుగుది. పిడికి వెండి జరీ కుచ్చు చుడతారు. ఆ కుచ్చు ఎన్ని చుట్లు తిరిగింది, ముడి ఎక్కడ పడింది అన్నవి భూతద్దం పెట్టి చూస్తే మనిషి మనిషికీ తేడా కనిపిస్తుంది. ఇందుకు అధికారిక ప్రచారం కోసం నిలబెట్టి తీసిన ఫొటోల కంటే పెళ్లి ఫొటోలు, ఇంటి ఆల్బములే నమ్మకమైన సాక్ష్యం అని నా అభిప్రాయం. అక్కడ ఎవరూ కుచ్చు సరిచేసి పెట్టరు.

రంగు విషయంలో మాత్రం నలుపు తెలుపు ఫొటోను నమ్మకూడదు. ఆర్మీ బాకు పిడి తెలుపు నుంచి ముదురు నారింజ దాకా రకరకాల రంగుల్లో ఉండేది. ఎరుపును పట్టుకోలేని ఆర్థోక్రొమాటిక్ ఫిల్మ్‌తో తీసిన ఫొటోలో నారింజ పిడి నల్లగా పడుతుంది. రంగు తెలియాలంటే 1936లో మార్కెట్లోకి వచ్చిన అగ్ఫాకలర్ స్లైడ్ల లాంటివి వెతకాలి.

ఒరలో ఉన్న బాకు అలుగు మీది రాతను కూడా ఫొటో చూపించలేదు. నాజీ పార్టీ ఎస్‌ఏ దళం అధిపతి ఎర్నెస్ట్ రోమ్ తన పేరుతో స్నేహవాక్యం చెక్కించిన బాకులను 1934లో పంచాడు. అదే ఏడాది హిట్లర్ ఆయన్ను చంపించాక ఆ రాతను అరగదీయమని ఆదేశం వచ్చింది. నడుముకు బాకు వేలాడదీసుకున్న ఎస్‌ఏ మనిషి ఫొటో ఎన్నిసార్లు చూసినా, అది రాత ఉన్న బాకో అరగదీసిన బాకో తేలదు.

ఇవి నాజీ పాలన గుర్తులు మోసిన వస్తువులు. వీటికి నకిలీల బజారూ పెద్దదే. జర్మనీ ఓడిపోయాక ఈ బాకులు తయారైన జోలింగెన్ ఊళ్లో మిగిలిన విడిభాగాలు బిగించి అమెరికన్ సైనికులకు జ్ఞాపికలుగా అమ్మారు. అందుకే ఏ పట్టీ ఏ బాకుకు వాడారన్నది తేల్చేటప్పుడు అమ్మేవాడి మాట కంటే ఆనాటి ఫొటోకే విలువ ఎక్కువ. జర్మనీ జాతీయ భాండాగారం 2008లో 80,000కు పైగా చిత్రాలను వికీమీడియా కామన్స్‌కు ఇచ్చింది, ఎవరైనా చూడొచ్చు.

మీ ఇంట్లో తాతగారి మిలటరీ ఫొటో ఉంటే స్కాన్ చేసేటప్పుడు వెనక వైపు కూడా తప్పకుండా తీయండి. స్టూడియో ముద్ర, తేదీ, కాగితం కంపెనీ పేరు ఉండేది అక్కడే.