అందరికంటె భాగ్యవంతుల వూరేది?

పెళ్ళిసంబంధాలు చూసే యిళ్ళలో ఈమధ్య ఒక మాట తరచు వినబడుతున్నది. "అబ్బాయి వుండేది లౌడన్ కౌంటీలోనటండీ! అమెరికా మొత్తంమీద అంతకంటె డబ్బున్న కౌంటీ లేదట!" మా యెదురింటి పెద్దాయన ఈ మాట నాతో చెప్పి వూరుకోలేదు. చేతిలోని కాగితం కూడా చూపించారు. దానిమీద పది పేర్లు, పది అంకెలు, మొదటి పేరు కింద యెర్ర సిరాతో గీత. ఆ గీతకు తగ్గట్టు పెళ్ళి చెయ్యాలని, వున్న అయిదెకరాలలో రెండెకరాలు బేరం పెట్టారట. "లెక్కలు తెలిసినవాడివి, ఇది నిజమేనా చెప్పు నాయనా" అన్నారు.

లెక్క నిజమే. అయితే ఆయన అడుగుతున్న ప్రశ్నకు మాత్రం అది జవాబు కాదు.

లౌడన్ కౌంటీ వర్జీనియా రాష్ట్రంలో, వాషింగ్టన్ నగరానికి దాపున వున్నది. 2020 జనాభా లెక్కల ప్రకారం అక్కడ 4 లక్షల 20 వేలమంది వున్నారు. అందులోని ఆష్‌బర్న్ ప్రాంతంలో తెలుగు మాట వినబడని వీధి వుండదని చూసివచ్చినవారు చెబుతారు. 2018 నుంచి 2022 వరకు జరిపిన సర్వేలో అక్కడి కుటుంబ ఆదాయం ఏడాదికి సుమారు 1 లక్షా 70 వేల డాలర్లని తేలింది. అమెరికా కౌంటీలన్నిటిలోకీ అదే ఎక్కువ.

ఇది సగటు కాదు, మధ్యస్థం. అంటే యిళ్ళన్నిటినీ ఆదాయం వరసన నిలబెడితే సరిగ్గా నడుమ వచ్చే యింటి ఆదాయమన్నమాట. కాబట్టి లౌడన్‌లో సగం యిళ్ళకు ఆపాటి ఆదాయం లేదనే అర్థం. మనవాడు ఏ సగంలో వున్నాడో కాగితం చెప్పదు. పైగా అది ఒక మనిషి జీతం కాదు, యింటి మొత్తం ఆదాయం. భార్యాభర్తలిద్దరి జీతాలూ, కలిసివుండే కొడుకు సంపాదనా, అన్నీ అందులోకే వస్తాయి. పన్నులు పోకముందు లెక్క అది. యింటి అప్పు వాయిదాల వూసే వుండదు. ఒంటిగా వుంటున్న బ్రహ్మచారికి ఈ అంకెతో ఏమి సంబంధమో ఆలోచించండి.

ఇంతకూ ఈ ఆదాయాలు యెవరు కనుక్కుంటారు? అమెరికా సెన్సస్ శాఖవారు ఏటా సుమారు 35 లక్షల చిరునామాలకు ప్రశ్నపత్రం పంపుతారు. పూర్వం పదేళ్ళకోసారి, జనాభా లెక్కలతోపాటు, ఆరిళ్ళకు ఒక యింటి చొప్పున పెద్ద ప్రశ్నపత్రం యిచ్చేవారు. 2000 తరవాత అది పోయి ఈ వార్షిక సర్వే వచ్చింది. గడచిన పన్నెండు నెలల్లో యెంత వచ్చిందో ఆ యింటివారు చెప్పినదే లెక్క.

లౌడన్ పెద్దది గనక అక్కడ కావలసినన్ని జవాబులు దొరుకుతాయి. చిన్న వూళ్ళతోనే చిక్కు. వర్జీనియాలోనే ఫాల్స్‌చర్చ్ అనే పట్టణం వున్నది. వైశాల్యం రెండు చదరపు మైళ్ళు, 2020లో జనం 14,658. అయినా చట్టరీత్యా అది కౌంటీతో సమానం. 65,000 జనం లేని చోట్లకు ఒక్క ఏడాది లెక్క ప్రకటించరు. అయిదేళ్ళ జవాబులు పోగుచేసి ఒకే అంకె యిస్తారు. అంచేత అయిదేళ్ళ జాబితాలో పై వరసన కనబడే ఫాల్స్‌చర్చ్, ఒక్క ఏడాది జాబితాలో మచ్చుకైనా వుండదు. పాపం, ఆ వూరు దివాలా తీయలేదు, దాన్ని పోటీకి పిలవలేదంతే.

ప్రతి అంకె పక్కనా సెన్సస్‌వారు, యింత అటూ యిటూ కావచ్చునని మరో అంకె వేస్తారు. నిజమైన అంకె ఆ హద్దులలో వుండడానికి నూటికి 90 పాళ్ళు ఆస్కారం. మచ్చుకు, ఒక వూరికి 1,65,000 డాలర్లు, మరో వూరికి 1,60,000 డాలర్లు వచ్చి, రెంటికీ 12,000 అటూ యిటూ అని వుందనుకోండి. ఏది ముందో చెప్పడం బ్రహ్మతరం కాదు. పత్రికలవాళ్ళు మాత్రం ఆ రెండో అంకెను కత్తిరించి, మొదటి వూరికి పతకం, రెండో వూరికి ఓదార్పూ యిచ్చేస్తారు. మా పెద్దాయన కాగితంమీద కూడా ఆ అంకెలు లేవు.

ఇంకా విచిత్రం మహాసంపన్నుల వూళ్ళది. కాలిఫోర్నియాలో ఏథర్టన్ అనే వూరున్నది. జనం ఏడు వేల చిల్లర. దానికి యెంత ఆదాయమని సర్వే పట్టిక తెరిస్తే "2,50,000కు పైన" అని మాత్రం వుంటుంది. ఆపైన యెంతో చెప్పరు. కొలబద్ద అక్కడితో అయిపోయింది! న్యూయార్కు దగ్గరి స్కార్స్‌డేల్, కాలిఫోర్నియాలోనే హిల్స్‌బరో, ఇలాటివన్నీ ఆ కప్పుకే తలలు ఆనించి నిలబడినవి. కంప్యూటరుకిచ్చే పట్టికలో వీటన్నిటికీ 2,50,001 అని ఒకే గుర్తు వేసి పెడతారు. తెలియనివాడు దాన్నే అసలు ఆదాయమనుకుని వరస పెట్టమంటే, యంత్రం చేసేదేముంది? అక్షరక్రమంలో పెట్టి చేతులు దులుపుకోవచ్చు. అప్పుడు పేరులో మొదటి అక్షరమే ఆ వూరి భాగ్యరేఖ!

ఈ కప్పును తప్పించుకోవడానికి బ్లూంబర్గ్ వార్తాసంస్థవారు మధ్యస్థం విడిచి సగటు పట్టుకున్నారు. 2020లో వారు వేసిన జాబితాలో ఏథర్టన్‌ది ప్రథమస్థానం. సగటున యింటికి 5 లక్షల 25 వేల డాలర్లు. స్కార్స్‌డేల్‌ది రెండోస్థానం, 4 లక్షల 52 వేలు. 2,000 కుటుంబాలైనా లేని వూళ్ళను వారు లెక్కలోకి తీసుకోలేదు. ఉపాయం మంచిదే. కాని సగటుకు ఒక దుర్గుణమున్నది. పదిళ్ళ వీధిలో తొమ్మిదిళ్ళకు నెలకు 40,000 రూపాయల చొప్పునా, పదో యింటికి 10 లక్షలూ వస్తే, వీధి సగటు 1,36,000. ఆ అంకెకు సరిపడే యిల్లు వీధిలో ఒక్కటైనా లేదు.

ఆదాయమంటే ఏమిటన్నది మరో పేచీ. సెన్సస్ సర్వేలో జీతం, వడ్డీ, డివిడెండు, అద్దె, పింఛను వస్తాయి గాని, వాటాలో యిల్లో అమ్మితే వచ్చిన లాభం రాదు. కోటీశ్వరుల సంపాదనలో పెద్దపాలు సరిగ్గా అదే! ఆ లాభం కూడా చూడాలంటే ఆదాయపు పన్ను శాఖవారి పిన్‌కోడు లెక్కలు తిరగేయాలి. అక్కడ 2015 సంవత్సరానికి మయామీ తీరాన ఫిషర్ ఐలండ్ అనే చిన్న ద్వీపం సగటు 20 లక్షల డాలర్లు దాటి పైకి తేలింది. రోడ్డుమీద అక్కడికి వెళ్ళే దారి లేదు. కొద్ది వందల కుటుంబాలు వుండే అలాటి చోట ఒక్క ఆసామి ఒక్క ఏడు కంపెనీ అమ్ముకుంటే చాలు, ద్వీపమంతా భాగ్యవంతమైపోతుంది. పైగా పన్ను లెక్క యిళ్ళది కాదు, దాఖలైన రిటర్నులది.

వీటన్నిటికంటె నాకు ఆసక్తి కలిగించినది వయోమింగ్ రాష్ట్రంలోని టీటన్ కౌంటీ. మంచుకొండల నడుమ జాక్సన్ పట్టణం దాని ముఖ్యస్థానం. 2020లో జనం 23,331. వాణిజ్యశాఖవారు వేసే తలసరి ఆదాయపు లెక్కలో 2021లో అది 3 లక్షల డాలర్లు దాటి, దేశంలోని కౌంటీలన్నిటికీ మొదటిదైంది. అదే కౌంటీ మధ్యస్థ కుటుంబ ఆదాయం సెన్సస్ సర్వేలో చూడబోతే లక్ష డాలర్లకు కాస్త పైన, లౌడన్ కంటె యెంతో కింద! తల ఒక్కంటికి మూడు లక్షలు, యిల్లు మొత్తానికి లక్ష!

రెండు లెక్కలూ సరైనవే. వయోమింగ్‌లో రాష్ట్ర ఆదాయపు పన్ను లేదు. అంచేత వడ్డీలు, డివిడెండ్లు రాశులుగా వచ్చే ఆసాములు కొందరు అక్కడ నివాసం పెట్టుకున్నారు. ఆ కొద్దిమంది డబ్బు తలసరిలో అందరి తలలమీదా పంచబడింది. మరి అక్కడి హోటళ్ళలో వంటవాళ్ళు, వడ్డించేవాళ్ళు, కొత్త మేడలు కట్టే వడ్రంగులు? జాక్సన్‌లో అద్దెలు కట్టలేక చాలామంది కొండకు ఆవలిపక్క, ఐడాహో రాష్ట్రంలోని విక్టర్, డ్రిగ్స్ వూళ్ళలో కాపురముంటారు. మంచు పడినా మానినా కనుమ దాటి పనికి వస్తారు. ఈ లెక్కలో ఆదాయం, మనిషి కాపురమున్న చోటే జమ. కనుక జాక్సన్‌లో చెమటోడ్చి తెచ్చుకున్న వారి కూలి ఐడాహో పద్దులోకి పోతుంది. తక్కువ ఆదాయమున్నవాళ్ళు తమ హద్దు దాటి పోయేకొద్దీ కౌంటీ తలసరి పెరుగుతూనే వుంటుంది.

మన దగ్గర కథ తిరగబడింది. తెలంగాణ ప్రభుత్వంవారి 2023 సామాజిక ఆర్థిక నివేదికలో తలసరి లెక్కన మొదటిది రంగారెడ్డి జిల్లా. అయితే అది అక్కడ కాపురమున్నవారి ఆదాయం కాదు, జిల్లాలో జరిగిన ఉత్పత్తిని జనాభాతో భాగిస్తే వచ్చినది. గచ్చిబౌలి, మాదాపూరు కచేరీల మేడలన్నీ ఆ జిల్లాలోవే. అక్కడ పనిచేసి రాత్రికి కూకట్‌పల్లి చేరే గుమాస్తా వుండేది పక్క జిల్లాలో, అతని పని విలువ మాత్రం రంగారెడ్డి పద్దులో. అదే జిల్లాలో యాచారం, మంచాల మండలాల రైతు, ఆ తలసరిలో తనకు వచ్చిన వాటా యెక్కడ పడిపోయిందా అని వెతుక్కోవాలి.

ఇదంతా విని పెద్దాయన చాలాసేపు మాట్లాడలేదు. చివరికి "అయితే ఈ గీత యెందుకు గీశారయ్యా?" అన్నారు. గీసినది ఆయనే!

ఆ రాత్రే కుర్రవాడి తండ్రికి ఫోను చేశారట. అక్కడ యిల్లు సొంతమా, అప్పుమీద కొన్నదా, నెలకు వాయిదా యెంత అని అడిగితే, అవతలాయన అబ్బాయిని కనుక్కుని చెబుతామన్నారట. రెండెకరాల బేరం ఆదివారందాకా ఆగింది. కాగితం మాత్రం యింకా నా బల్లమీదే వున్నది.