శోధన వేళ ఎవరికి ఫోన్ చేయాలి?

1935 మే నెలలో ఒక శనివారం. అమెరికాలోని ఒహాయో రాష్ట్రంలో, టైర్ల ఫ్యాక్టరీలకు పేరుపడ్డ యాక్రన్ పట్టణం. మేఫ్లవర్ హోటల్ లాబీలో బిల్ విల్సన్ అనే న్యూయార్క్ షేర్ల వ్యాపారి అటూ ఇటూ పచార్లు చేస్తున్నాడు. వచ్చిన పని చెడింది. జేబులో మిగిలింది పది డాలర్లో ఏమో. ఒక పక్క బార్, అందులోంచి జనం మాటలూ నవ్వులూ. ఇంకో పక్క టెలిఫోను, దగ్గర్లోనే ఊళ్లోని చర్చిల జాబితా. అతడు తాగుడు మాని అప్పటికి అయిదు నెలలే. లోపలికెళ్లి ఒక కూల్‌డ్రింక్ తాగుతూ ఎవరితోనైనా కబుర్లు చెబితే తప్పేముంది అనిపించింది. శోధన మొదటి అడుగు ఇలాగే ఉంటుంది, ఏ పాపం ఎరగనట్టు.

భయం వేసి ఫోన్ దగ్గరికి నడిచాడు. వాల్టర్ టంక్స్ అనే పాదిరిని పట్టుకున్నాడు. ఆయన ద్వారా ఒకరి తర్వాత ఒకరికి ఫోన్ చేసుకుంటూ పోతే చివరికి హెన్రియెట్టా సైబర్లింగ్ అనే విశ్వాసురాలి దగ్గర తేలాడు. తనను ఆదుకోమని అడగలేదు. మాట్లాడటానికి ఇంకో తాగుబోతు కావాలన్నాడు.

ఆమెకు తెలిసిన తాగుబోతు పట్టణంలో పేరున్న సర్జన్, డాక్టర్ బాబ్ స్మిత్. ఆక్స్‌ఫర్డ్ గ్రూప్ అనే క్రైస్తవ బృందం కూడికలకు రెండున్నరేళ్లుగా వెళ్తున్నాడు. బైబిలు చదువుతాడు, ప్రార్థన చేస్తాడు, అయినా తాగుతూనే ఉన్నాడు. మర్నాడు సాయంత్రం బిల్‌ని కలిశాడు, పావుగంటకు మించి కూర్చోనన్న షరతు మీద. లేచేసరికి రాత్రి పదకొండు దాటింది. నీతి చెప్పేవాళ్లను బాబ్ చాలామందిని చూశాడు. తను పడ్డ గోతిలోనే పడి లేచినవాడు ఎదురుగా కూర్చుని మాట్లాడటం అదే మొదటిసారి. తర్వాత బిల్ బాబ్ ఇంట్లోనే మకాం పెట్టాడు. బాబ్ భార్య ఆన్ రోజూ పొద్దున్నే బైబిలు చదివి వినిపించేది. పాపాలు ఒకరితో ఒకరు ఒప్పుకోమని చెప్పే యాకోబు పత్రిక ఆ ఇంట్లో అందరికీ ఇష్టం.

తాగుడు మానిన కొద్ది వారాలకే బాబ్ మళ్లీ పడ్డాడు.

అట్లాంటిక్ సిటీలో డాక్టర్ల మహాసభకు బయల్దేరి, రైల్లోనే మొదలుపెట్టాడు. తిరిగొచ్చేసరికి ఒళ్లు తెలియని స్థితి. చూస్తే ముందు ఆపరేషన్ ఒకటి ఒప్పుకుని ఉన్నాడు. బిల్, ఆన్ రేయింబవళ్లు కనిపెట్టుకుని మనిషిని చేశారు. ఆపరేషన్ రోజు పొద్దున చేతుల వణుకు ఆగడానికి బిల్లే ఒక బీరు సీసా ఇచ్చాడు. ఈనాటి మనకు వింటేనే గుండె దడదడలాడే సంగతి, కానీ జరిగింది అదే. ఆపరేషన్ అయిపోయింది, గంటలు గడుస్తున్నాయి, డాక్టరు ఇంటికి రాలేదు. మళ్లీ తాగుతున్నాడేమోనని వీళ్లు హడలిపోయారు. ఆయన మాత్రం అప్పులవాళ్ల దగ్గరికీ, తన వల్ల నష్టపోయినవాళ్ల దగ్గరికీ తిరిగి ఉన్నదున్నట్టు ఒప్పుకుని వచ్చాడు. ప్రాక్టీసు దెబ్బతింటుందని అంతకుముందు ససేమిరా అన్న పని అది. 1950లో చనిపోయేదాకా మళ్లీ చుక్క ముట్టలేదు. వీళ్లిద్దరి కలయికతో మొదలైన, తాగుడు మానాలనుకునేవాళ్ల ఆల్కహాలిక్స్ అనానిమస్ (ఏఏ) సంస్థ, ఆ ఆపరేషన్ రోజుగా చెప్పుకునే జూన్ 10ని తన పుట్టినరోజుగా లెక్కపెట్టేది అందుకే.

బాబ్ అంతకుముందు చేసుకున్న తీర్మానాలకూ ఈసారి మానడానికీ తేడా ఇక్కడే ఉంది. మానాలన్న పట్టుదల బాబ్‌కు మొదటినుంచీ ఉంది. పోయింది దాపరికం.

ఒంటరి పట్టుదల ఎంత బలహీనమో నాలుగో శతాబ్దపు క్రైస్తవ బోధకుడు అగస్టీన్ ఎప్పుడో రాసిపెట్టాడు. ఆయన మిత్రుడు అలీపియస్ రోమ్‌లో న్యాయశాస్త్రం చదువుతుండగా, మనుషులు కత్తులతో చంపుకునే గ్లాడియేటర్ల ఆటకు స్నేహితులు బలవంతాన లాక్కెళ్లారు. కూర్చుంటాను కానీ కళ్లు తెరవనన్నాడు. జనం ఒక్కసారిగా హోరెత్తేసరికి తెరిచాడు. అక్కణ్నుంచి ఆ రక్తానికి మరిగి, ఇతరుల్ని వెంటబెట్టుకుని వెళ్లేదాకా వచ్చాడు. దేవుణ్ని ఆనుకోవలసినవాడు తన్ను తాను నమ్ముకున్నాడని అగస్టీన్ నిర్ధారణ. ఆ అలీపియసే తర్వాత తగాస్తే పట్టణానికి బిషప్ అయ్యాడు.

డిసెంబరు 31 రాత్రి వాచ్‌నైట్ ఆరాధనలో మన సంఘాల్లోనూ కన్నీళ్లతో తీర్మానాలు చేస్తారు. అవి నిజమైన కన్నీళ్లే. సంక్రాంతి నాటికి పడిపోయిన కుర్రాడు, తాగుడో ఆన్‌లైన్ బెట్టింగో, ఆ సంగతి ఎవరితో చెప్పుకోవాలి? ఒకరి చెవిన వేస్తే వచ్చే ఆదివారానికి సంఘమంతా పాకుతుందన్న భయం ఊరికే పుట్టింది కాదు. విని కడుపులో దాచుకునే ఇద్దరు ముగ్గురు పెద్దలు లేని సంఘంలో తీర్మానాలు ఎన్ని చేయించినా ఆ కుర్రాడు ఒంటరివాడే. హైదరాబాద్ వంటి నగరాల్లో నడిచే ఏఏ గ్రూపుల్లో పేరు మాత్రమే చెప్పి నోరు విప్పగలిగిన మనిషి, తన సొంత సంఘంలో విప్పలేకపోవడం బాధాకరం.

మానేశాక కూడా రెండున్నరేళ్లపాటు తాగాలన్న కోరిక దాదాపు ఎప్పుడూ వెంటే ఉండేదని డాక్టర్ బాబ్ రాసుకున్నాడు. ఆ రోజుల్లోనూ ఆ తర్వాతా ఆయన తాగుబోతుల మంచాల పక్కన కూర్చుంటూనే వచ్చాడు. యాక్రన్‌లోని సెయింట్ థామస్ ఆసుపత్రిలో సిస్టర్ ఇగ్నేషియాతో కలిసి వేలమందికి వైద్యం చేశాడు, వాళ్ల దగ్గర ఫీజు పుచ్చుకోలేదు. ఎందుకింత శ్రమ అన్నదానికి నాలుగు కారణాలు చెప్పాడు: అది తన విధి, అందులో తనకు ఆనందముంది, తనకు చెప్పినవాడి రుణం తీరుతుంది, వెళ్లిన ప్రతిసారీ తను మళ్లీ పడిపోకుండా కొంత కాపుదల దొరుకుతుంది.