అణాలు పోయిన నాటి ఇంటిలెక్క

పల్లెటూరి సంసారమును గూర్చి వ్రాయువారు పొలమును, పశువులను, పండుగలను వర్ణింతురు. ఇల్లాలి లెక్కను గూర్చి వ్రాయువారు అరుదు. కొంగున ముడివైచిన చిల్లరతో వారమంతయు గడుపుట సామాన్యమైన విద్య కాదు. 1960వ సంవత్సర ప్రాంతమున ఆ విద్యకు వచ్చిన చిక్కును మేమిచట వివరింపదలచితిమి.

పూర్వము రూపాయికి 16 అణాలు. అందు సగము అర్ధరూపాయి, దానిలో సగము పావులా, అందు సగము బేడ. కొలతలును అట్టివే. రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, రెండు మానికలు అడ్డ, రెండు అడ్డలు కుంచము. కావున అక్షరము రాని తల్లియు సగమునకు సగము తీయుచు నోటనే లెక్క తేల్చగలిగెడిది.

1957వ సంవత్సరము ఏప్రిల్ 1వ తేదీన రూపాయికి 100 నయాపైస లేర్పడెను. అణా యనగా ఆరుంబావు పైసలు. పావుపైస నాణెము లేదు గదా! అందుచే అణాకు 6, బేడకు 12, మూడణాలకు 19, పావులాకు 25 పైసలని ప్రభుత్వమువారు నిర్ణయించిరి. సంతలో ఉప్పు, మిరపకాయలు, చింతపండు, ఉల్లిపాయలు అణాకొక్కటిగా కొన్న యిల్లాలు 24 పైస లీయవలెను. అమ్మువారు ఏడేసి అడిగినచో 28 పోవును. పావులాతో తీరవలసిన బేరమునకు మూడు పైస లధికమాయెను.

తూనికలలో నష్ట మింకను పెద్దది. 1958వ సంవత్సరము అక్టోబరు మొదలు క్రమముగా వచ్చిన కిలోగ్రాములు 1962వ సంవత్సరము ఏప్రిల్ నుండి దేశమంతట తప్పనిసరి యాయెను. వీశె 120 తులములు. కిలో సుమారు 86 తులములు మాత్రమే. పాత వీశె ధరకే కిలో పుచ్చుకొన్నచో నాలుగవ వంతునకు పైగా సరుకు తగ్గును. రావికమతము వంటి గ్రామములలో చెరకు పండించి, బెల్లమును మణుగులలో లెక్కించి అనకాపల్లికి తోలు రైతులకును ఈ భేదము తెలియక తీరదు. అట్టి యిండ్లలో బడికి పోవు బిడ్డయే గుమాస్తా యాయెను. పుట్టిననాట నుండి లెక్క చెప్పిన తల్లి బిడ్డను లెక్క అడుగవలసివచ్చెను.

ఆ కాలముననే ఇంగ్లండులోని గృహిణి యేమి చేయుచుండెను? షిల్లింగునకు 12 పెన్నీలు, పౌనునకు 20 షిల్లింగులు. తూనికలో పౌనునకు 16 ఔన్సులు. ఆమె తన తల్లి నేర్పిన లెక్కతోనే రొట్టెయు వెన్నయు కొనుచుండెను. అచట నాణెములు మారినది 1971వ సంవత్సరము ఫిబ్రవరి 15వ తేదీన. ఈ విషయమున మన పల్లెటూరి యిల్లాలే పదునాలుగేండ్లు ముందు నడచినది.

కొత్త లెక్క మేలైనదే. వ్రాతలో సులభము, దేశమంతటికి నొక్కటి. అయినను అది వచ్చినపుడు ఇబ్బందిపడినవారు తెలివిలేనివారు కారు. వారి తెలివికి అలవాటైన కొలత మారినది, అంతియే. 2011వ సంవత్సరము జూన్ నెలతో పావులా నాణెమును చెల్లకపోయెను. నేడు బేరములు చేతిఫోనుతో తీరుచున్నవి. సోదర విద్యార్థులారా! మీ అవ్వ ఫోను చాచి "ఎంత పోయినదిరా?" అని అడిగినపుడు నవ్వకుడు. ప్రక్కన కూర్చుండి నిదానముగా చూపుడు. పిమ్మట కుంచమునకు ఎన్ని సోలలో ఆమెనే అడుగుడు.