చేతికి సెన్సరు, జేబుకి చిల్లు

శనివారం సాయంత్రం హారిస్ పార్క్ విగ్రామ్ స్ట్రీట్‌లో నడుస్తుంటే సిడ్నీలో ఉన్న సంగతి కాసేపు మర్చిపోవచ్చు. దోసెలు, బిర్యానీలు, చాట్, మిఠాయిలు అన్నీ పక్కపక్కనే. 2023 మేలో భారత, ఆస్ట్రేలియా ప్రధానులు ఇక్కడి "లిటిల్ ఇండియా" ద్వారానికి శంకుస్థాపన కూడా చేశారు. ఈ మధ్య ఆ వీధిలో ఇంకో దృశ్యం మామూలైపోయింది. పొట్టి చేతుల చొక్కా వేసుకున్నవాళ్ళ జబ్బ వెనకాల, యాభై సెంట్ల నాణెం కంటే కాస్త పెద్దదిగా, ఒక తెల్లటి గుండ్రటి బిళ్ళ! అదే నిరంతరంగా షుగర్ చూపించే సెన్సరు.

"గురూ, వీటిలో ఏది చవక?" అని మొన్న ఒక మిత్రుడు అడిగాడు. "ఎవరికి?" అన్నాను. గుంటూరు నుంచి విజిటర్ వీసా మీద వచ్చిన వాళ్ళ నాన్నగారికట. ఆయనకి పదిహేనేళ్ళుగా షుగర్. మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్ వాడుతున్నారు. వచ్చినప్పట్నుంచీ రాత్రి భోజనం వేళ తప్పింది. తెల్లవారుజామున చెమటలు పట్టి లేస్తున్నారు. "ఏది చవక" అన్న ప్రశ్నకి ముందు "ఎవరికి, ఎందుకు" అన్నది తేల్చుకోవాలని చెప్పడానికే ఈ వ్యాసం.

ముందు అసలు ఈ బిళ్ళ చేసే పనేమిటో చూద్దాం. దాని అడుగున వెంట్రుకంత సన్నని తీగ ఒకటి చర్మం కిందికి దిగుతుంది. ఎక్కువగా వాడే సెన్సర్లలో ఆ తీగ మీద గ్లూకోజ్ ఆక్సిడేజ్ అనే ఎంజైము పూత ఉంటుంది. గ్లూకోజు దానికి తగిలినప్పుడు జరిగే రసాయన చర్యలో అతి చిన్న విద్యుత్తు పుడుతుంది. గ్లూకోజు ఎంత ఎక్కువగా ఉంటే కరెంటు అంత ఎక్కువ. దాన్ని అంకెగా మార్చి బ్లూటూత్‌తో ఫోనుకి పంపుతుంది. ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. అది కొలిచేది రక్తంలోని చక్కెరని కాదు, కణాల మధ్య ద్రవంలోని చక్కెరని. అందుకే రక్తం కంటే ఐదు పది నిమిషాలు వెనకబడి ఉంటుంది. మన భాషలో చెప్పాలంటే, కాస్త లేటెన్సీ ఉన్న ఫీడ్ అన్నమాట.

మనవాళ్ళని తికమకపెట్టే ఇంకో విషయం కొలమానం. అమ్మ ఫోనులో "షుగర్ 180 ఉందిరా" అంటుంది. ఇక్కడి మీటరు 10 అంటుంది. రెండూ ఒకటే! ఇండియాలో, అమెరికాలో మిల్లీగ్రాముల లెక్క, ఆస్ట్రేలియాలో మిల్లీమోల్స్ లెక్క. ఇక్కడి అంకెని 18తో గుణిస్తే అక్కడి అంకె వస్తుంది. చాలామంది షుగర్ రోగులకి డాక్టర్లు చెప్పే లక్ష్యం రోజులో కనీసం 70 శాతం సమయం 3.9కీ 10కీ మధ్య, అంటే 70కీ 180కీ మధ్య ఉండటం. పెద్ద వయసువాళ్ళకి డాక్టరు దీన్ని సడలిస్తారు.

ఇక అసలు ప్రశ్నకొద్దాం. సాఫ్ట్‌వేర్‌లో మనం రెండు రకాల పనులు చేస్తాం. ప్రొడక్షన్ సర్వర్ మీద ఇరవై నాలుగు గంటలూ నిఘా పెట్టి, తేడా వస్తే అలారం మోగేట్టు చూసుకోవడం ఒకటి. ప్రోగ్రాం ఎక్కడ నెమ్మదిస్తోందో తెలుసుకోవడానికి కాసేపు ప్రొఫైలర్ నడిపి, కారణం తెలియగానే ఆపేయడం రెండోది. ప్రొఫైలర్ని ఏడాదంతా నడపం కదా!

టైప్ 1 వాళ్ళకీ, రోజుకి నాలుగైదుసార్లు ఇన్సులిన్ తీసుకునేవాళ్ళకీ కావలసింది మొదటిది. ఇన్సులిన్ డోసు కాస్త ఎక్కువైతే నిద్రలోనే ప్రమాదం. కాబట్టి అలారం ఎప్పుడూ ఉండాలి. మాత్రలతో నెట్టుకొస్తున్న టైప్ 2 వాళ్ళలో చాలామందికి రెండోది చాలు. పధ్నాలుగు రోజుల లెక్క సరిగ్గా ఉంటే చాలు, షుగర్ తీరు తెలుస్తుందని నిపుణుల అంతర్జాతీయ ఒప్పందం 2019లోనే చెప్పింది.

ఇప్పుడు డబ్బు సంగతి. 1987లో మొదలైన నేషనల్ డయాబెటిస్ సర్వీసెస్ స్కీమ్, మనవాళ్ళ మాటల్లో ఎన్.డి.ఎస్.ఎస్., టైప్ 1 ఉన్న పిల్లలకీ, 21 ఏళ్ళ లోపు యువతకీ 2017 ఏప్రిల్ నుంచి సెన్సర్లు ఉచితంగా ఇస్తోంది. 2022 జూలై 1 నుంచి టైప్ 1 ఉన్నవాళ్ళందరికీ రాయితీ వచ్చింది. కన్సెషన్ కార్డు లేని పెద్దలకి నెలకి గరిష్ఠంగా 32.50 డాలర్లు, ఏడాదికి 390. జాబితాలో ఉన్న సెన్సర్లకే ఇది వర్తిస్తుంది. టైప్ 2 వాళ్ళకి మామూలుగా ఈ రాయితీ లేదు. ఇన్సులిన్ వాడే టైప్ 2 వాళ్ళకి కూడా ఇవ్వాలని పార్లమెంటు ఆరోగ్య కమిటీ 2024లో సిఫారసు చేసింది.

ఇక్కడే మనవాళ్ళకి అసలు చిక్కు. ఎన్.డి.ఎస్.ఎస్.లో చేరాలంటే మెడికేర్ ఉండాలి. పరస్పర వైద్య ఒప్పందం ఉన్న దేశాల పట్టికలో బ్రిటన్, న్యూజిలాండ్ ఉన్నాయిగానీ ఇండియా లేదు. కాబట్టి అక్కణ్ణుంచి వర్క్ వీసా మీద వచ్చినవాళ్ళకీ, చూడ్డానికి వచ్చిన అమ్మానాన్నలకీ పూర్తి ధరే.

రెండు వారాల సెన్సరు ఒకటి సుమారు వంద డాలర్లనుకుందాం. ఏడాదంతా పెట్టుకుంటే 26 సెన్సర్లు, 2,600 డాలర్లు. అదే మూడు నెలలకొకటి, డాక్టరు దగ్గరికి వెళ్ళే ముందు పెట్టుకుంటే నాలుగే, 400 డాలర్లు. అంటే రాయితీ ఉన్న మనిషికి ఏడాదికయ్యే ఖర్చుకి ఇంచుమించు సమానం! రాయితీ లేదని దిగులుపడే టైప్ 2 వాళ్ళు చూసుకోవలసిన లెక్క ఇది.

బ్రాండ్లు పోల్చేటప్పుడు పెట్టె ధర చూడకండి, రోజుకెంతో చూడండి. డెక్స్‌కామ్ రకాలు ఎక్కువగా పది రోజులవి. ఫ్రీస్టైల్ లిబ్రె 2 పధ్నాలుగు రోజులది, దాని ప్లస్ రకం పదిహేను. 90 డాలర్ల పది రోజుల సెన్సరు కంటే 105 డాలర్ల పదిహేను రోజులదే చవక. మొదటిది రోజుకి తొమ్మిది, రెండోది ఏడు. కొనేముందు మీ ఫోను మోడలు ఆ కంపెనీ జాబితాలో ఉందో లేదో చూసుకోండి. ఇండియా నుంచి తెప్పించుకుంటే చవకే కావచ్చుగానీ, ఆ సెన్సరు ఇక్కడి ఆప్‌తో కలుస్తుందో లేదో తెలుసుకున్నాకే డబ్బు పెట్టండి.

వంద డాలర్లు పెట్టినప్పుడు ఆ రెండు వారాలూ వృథా పోనివ్వకండి. మామూలుగా తినేదే తినండి. పత్యం చేస్తే మీకు తెలిసేది పత్యం సంగతే. తిన్నవేళా, తిన్నదీ, నడకా, మాత్రా ఫోనులో రాసుకోండి. తర్వాత ఒక్కసారికి ఒక్కటే మార్చండి. అదే ఇడ్లీ, ఒకరోజు తిని కూర్చోండి, ఇంకోరోజు తిని ఇరవై నిమిషాలు నడవండి. గీత మీకే చెబుతుంది.

కొన్ని జాగ్రత్తలు. ఆ చేతి మీద ఒత్తిగిల్లి పడుకుంటే లేని లో కనిపిస్తుంది. విటమిన్ సి పెద్ద మోతాదులో వేసుకుంటే లిబ్రె 2లో అంకె అబద్ధంగా పెరుగుతుంది. ఒంటికి తెలిసేదానికీ తెరమీది అంకెకీ పొంతన లేకపోతే వేలు గుచ్చుకుని చూడాల్సిందే. పాత మీటరు పారేయకండి. సూది లేకుండానే షుగర్ చూపిస్తామనే చవక వాచీలూ, ఉంగరాలూ కొనకండి. వాటిని నమ్మొద్దని అమెరికా ఎఫ్.డి.ఎ. 2024 ఫిబ్రవరిలో హెచ్చరించింది.

ఇంతకీ మిత్రుడి నాన్నగారి సంగతి. మాత్రలే కదా అని వదిలేయడానికి లేదు. మెట్‌ఫార్మిన్ ఒక్కటే అయితే షుగర్ పడిపోవడం అరుదు, కానీ గ్లిమెపిరైడ్ తిండి తిన్నా తినకపోయినా ఇన్సులిన్‌ని బయటికి నెడుతుంది. అలారం ఉన్న సెన్సరు ఒక్కటి కొన్నారు. మూడోరాత్రి మూడింటికి అది మోగింది, 3.4. వేలు గుచ్చితే 3.3, ఇండియా లెక్కలో 59. వెంటనే పంచదార నీళ్ళు పట్టించారు. డాక్టరు ఆ గీతలు చూసి గ్లిమెపిరైడ్ డోసు తగ్గించారు. మిగతా పదకొండు రాత్రులూ అలారం మోగలేదు. రెండో సెన్సరు కొనే పనే పడలేదు.

ఆయన గుంటూరు వెళ్ళిపోయారు. మిత్రుడు మూడు నెలలకొకసారి అక్కడే కొనిపిస్తున్నాడట. కుటుంబసభ్యులు దూరం నుంచి చూసే ఆప్ ఉంది కాబట్టి ఆ రెండు వారాలూ నాన్నగారి గీత హారిస్ పార్క్‌లో కనిపిస్తుంది. మిగతా రోజుల్లో మాత్రం మామూలుగా ఫోను చేసి "భోంచేశారా నాన్నా" అని అడుగుతాడు. దానికి ఖర్చేమీ లేదు.