రాకాసులు కట్టని ఇళ్ళు

బ్రిటన్‌లోని వేల్స్‌లో ట్రెర్ కైరి అనే కొండకోట ఉంది. వెల్ష్ భాషలో ఆ పేరుకు 'రాకాసుల ఊరు' అని అర్థమట. లైబ్రరీలో దాని ఫొటో చూసి ఆశ్చర్యపోయాను. ప్రాకారం లోపల దాదాపు 150 రాతి ఇళ్ళ మొండిగోడలు! సున్నం లేకుండా రాయిమీద రాయి పేర్చి కట్టారు. క్రీ.శ. 4వ శతాబ్దం దాకా అక్కడ జనం ఉన్నారు. తవ్వకాల్లో కుండపెంకులు, గాజుపూసలు దొరికాయి. పూసలు కట్టుకునేది రాకాసులా? వండుకుని తిన్న మామూలు మనుషులే కదా!

మనవాళ్ళూ పాతకాలపు రాతి సమాధులను రాకాసిగుళ్ళు అన్నారు. కట్టినవాళ్ళను మరచిపోతే పేరు రాకాసులకు దక్కుతుందన్నమాట. అందుకే పాతగోడ కనిపిస్తే 'ఏ రాజు కట్టించాడు?' అని మాత్రమే కాదు, 'ఇక్కడ పొయ్యి ఎక్కడుండేది?' అని కూడా అడుగుదాం.